ఎర్ర పేలిక కట్టిన ఆనపకాయ

మట్టెవాడ,
26-11-1983, శనివారం.

సౌభాగ్యవతి కమలకు,

నీ పెనిమిటి రాయమల్లు ఆశీర్వదించి రాయునది. ఇక్కడ నేను, కురిసే వంటిల్లు, నువ్వు వదిలిపోయిన పిల్లి, ముగ్గురం క్షేమంగానే ఉన్నాం. అక్కడ భిలాయిలో నువ్వు, మన అరుణ, అల్లుడు, ఆరో నెలలో పడిన పసివాడు బాగున్నారని నీ ఉత్తరం వల్ల తెలిసింది. వాడు బోర్లా పడుతున్నాడని రాశావు. మంచిది.

దీపావళి మరునాడు అందిన ఉత్తరానికి ఇవాళ జవాబు రాస్తున్నాను. మూడు వారాలు ఆలస్యం. నెపం పోస్టాఫీసు మీద తోసేద్దామనుకున్నాను గానీ ఈసారి వాళ్ళ తప్పేమీ లేదు. రెండుసార్లు మొదలుపెట్టి చించేశాను.

నువ్వు నాలుగు సంగతులు అడిగావు. వంటింటి పెంకులు సర్దించాను. అయినా ఒకచోట కారుతుంది. ఆ చోట ఉన్న పప్పు డబ్బాను పక్కకు జరిపాను, దాంతో సమస్య తీరిందనే అనుకోవాలి. రెండోది, బీపీ గోలీలు వేసుకుంటున్నాను. డాక్టరు ఉప్పు తగ్గించమన్నాడు. నేను వండిన కూరలో ఉప్పు వేశానో లేదో నాకే జ్ఞాపకం ఉండదు కాబట్టి తగ్గినట్టే. మూడోది నీ కూరగాయల జాగా సంగతి. నాలుగోది మీ అన్న సారంగపాణితో నేను మాట్లాడానా అని. "మీరిద్దరు మాట్లాడుకున్నరని తెలిసేదాంక నేను బండెక్క. పదకొండేండ్ల సంది మీ నడుమ నిలవడి నా కాళ్ళు గుంజుతున్నయ్" అని రాశావు. ఆ ముక్కను చాలాసార్లు చదివాను. దానికి జవాబు చివర చెప్తాను. మూడోది చెప్తే గానీ నాలుగోది అర్థం కాదు.

ఆ జాగా నీ పేరు మీద ఉన్న సంగతి నువ్వు మరిచిపోయి ఉండవు. గృహనిర్మాణ సంఘం దరఖాస్తు మీద అధ్యక్షుడిగా మీ అన్న సంతకం ఉందని నేను నా పేరు రాయనంటే, నువ్వే నీ పేరు రాసుకున్నావు. ఖిలా వరంగల్‌లో మట్టికోట అవతల ఆ భూమి కొని ఆరేళ్ళయింది. ఇళ్ళు కట్టుకోవడానికి పర్మిషన్ ఇంకా రాలేదు. రాదని నేను మొదటి రోజే చెప్పాను. ఖాళీగా వదిలేస్తే ఎవరో ఒకరు గుడిసెలు వేస్తారని భయపడి మీ అన్న ఒక ఉపాయం చేశాడు. పర్మిషన్ వచ్చేదాకా భూమిని ముక్కలు చేసి, ఒక్కొక్క సభ్యుడు ఇరవై అడుగుల వెడల్పు, నలభై అడుగుల పొడవు తీసుకుని కూరగాయలు పెట్టుకోవాలన్నాడు. ఒక పంటకాలం బీడు పెడితే ఆ ముక్క పక్కవాళ్ళకు పోతుందని నియమం. నియమాలు రాయడంలో మీ అన్నను మించినవాడు ఈ జిల్లాలో లేడు.

నువ్వు భిలాయి పోయిన పది రోజులకు స్టీలు గ్లాసులో చీటీలు వేసి తీశారు. నీ పేరుకు పద్నాలుగో నంబరు వచ్చింది. పదమూడు హలీమాబీది. మా బడిలో డ్రాయింగ్ చెప్పి, పోయిన ఏడాది చనిపోయిన జమాల్ మాస్టారు భార్య. పదిహేనో నంబరు మీ అన్నది. అధ్యక్షుడు కాబట్టి ఆయన మార్చుకోవచ్చు. మార్చుకోలేదు. నేను చెమటోడుస్తుంటే పక్కన నిలబడి చూడడానికే మార్చుకోలేదని నాకు అర్థమైంది, లేదా అర్థమైందనుకున్నాను.

మా తగువు నీకు కొత్త కాదు. అయినా మరోసారి రాస్తాను. కింద ఒకచోట దాన్ని దిద్దవలసి ఉంది. మన పఠన మందిరానికి ఆయన అధ్యక్షుడు, నేను కార్యదర్శిని. పదకొండు వందల పుస్తకాలు. ఒక్కొక్కటి అడుక్కుని, మోసుకుని, అట్టలు వేసి, నంబర్లు రాసి పెట్టినవి. డెబ్బై రెండులో ఆయన ఆ ఇంటిని ఒక మిర్చి వ్యాపారికి గోదాముగా ఇచ్చాడు. పుస్తకాలు గోనె సంచుల్లోకి ఎక్కాయి. ఆ ఏడాది ఎక్కడ పల్లీలు కొన్నా పొట్లం విప్పితే నాకు పరిచయమున్న పేజీ కనిపించేది. ఇప్పటికీ ఆ సందులో నడిస్తే తుమ్ములు వస్తాయి. ఆ రోజు నుంచి మీ అన్నతో నేను ఒక్క మాట మాట్లాడలేదు. ఇది నేను పదకొండేళ్ళుగా అందరికీ చెప్పే కథ.

ఇక తోట. నలభై ఏళ్ళు చదివాను. చరిత్ర చదివాను, వేదాంతం చదివాను, రష్యా నుంచి వచ్చిన లావు నవలలు చదివాను. బెండ మొక్కను చూసి బెండ అని గుర్తుపట్టలేను. బజారుకు పోయేది నువ్వు, తినేది నేను. అయినా పుస్తకం ఉంటే చాలనుకున్నాను. నైజాం కాలంలో అచ్చయిన ఉర్దూ తోటపని పుస్తకం ఒకటి నా పెట్టెలో ఉంది. దాన్ని పట్టుకుని, కాగితం మీద గీతలు గీసి, ఏ మూల ఏది పెట్టాలో రంగు పెన్సిళ్ళతో రాసుకుని, తొలకరిలో మిరుగం కార్తె రాగానే గడ్డపార భుజాన వేసుకుని పోయాను. జానెడు లోతు గుంత తీసి, ఎరువు నింపి విత్తనం పెట్టమని ఉంది అందులో. నేను విత్తనం అడుగున పెట్టి, దాని మీద ఎరువు పోసి, మట్టి కప్పి తొక్కాను. ఎరువు కూడా ఆ పొద్దున పాలవాళ్ళ కొట్టం నుంచి తెచ్చిన పచ్చి పేడ.

హలీమాబీ తన ముక్కలో కూర్చుని అంతా చూసి అడిగింది.

"భాయ్‌సాబ్, ఇత్తులు వెట్టిన్రా, బొంద వెట్టిన్రా?"

"పుస్తకంలో ఇట్లనే ఉన్నది."

"ఆ కితాబు రాసినాయన జర గడ్డపార పట్టిండో లేదో అడుగున్రి."

పదిహేను రోజులు చూశాను. రెండు బీర మొలకలు తప్ప ఏదీ లేవలేదు. అవి కూడా పేడ వేడికి ఆకులు మాడ్చుకుని పడిపోయాయి. అప్పుడు హలీమాబీ చీపురు పట్టుకున్నట్టు నన్ను పట్టుకుంది. మళ్ళీ తవ్వించింది. చివికిన ఎరువు ఎట్లా ఉంటుందో చేతిలో పెట్టి వాసన చూపించింది. విత్తనం వేలి కణుపు లోతుకు మించవద్దంది. ధనియాలు అట్లాగే చల్లబోతుంటే ఆపి, నేల మీద పోసి చెప్పుతో రుద్ది రెండు చెక్కలు చేసింది. తినే వస్తువును చెప్పుతో రుద్దడమేమిటని నేనంటే, "తినేది మొలిచినంక గద భాయ్‌సాబ్, అప్పుడు కడుగున్రి" అంది. ఎనిమిదో నాటికి కొత్తిమీర లేచింది. ఏ యూనివర్సిటీ ప్రొఫెసరు వాదించినా నా నోరు అంతగా మూతపడేది కాదు.

జాగాకు ఒక్కటే బావి. నీళ్ళు వంతుల ప్రకారం. కాపలాకు, కాలువలు సర్దడానికి సంఘం మొగిలి అనే ఆయనను పెట్టింది. యాభై దాటిన మనిషి. భార్యతో కలిసి ఆ బావి పక్కనే రేకుల కొట్టంలో ఉంటాడు. మీ అన్నకు, నాకు మధ్య వార్తాహరుడు కూడా ఆయనే. పదిహేనో నంబరుకూ పద్నాలుగో నంబరుకూ మధ్య దూరం ఒక గట్టు. అయినా మీ అన్న గట్టుకు అవతల నిలబడి, "మొగిలీ, పద్నాలుగు నంబరాయనకు చెప్పు, కాలువ మూసుకోమను, నా దాంట్లకు నీళ్ళొస్తాన్నయ్" అనేవాడు. నేను ఇవతల నిలబడి, "మొగిలీ, పదిహేను నంబరాయనకు చెప్పు, నీళ్ళు పల్లానికి పోతయ్, నన్నడిగి పోవు" అనేవాణ్ణి. మొగిలి ఒకరోజు గట్టు మీద గొంతుక్కూర్చుని, "ఇద్దరికీ ఇనవడ్డదిగద. నేను బీడీ తాగుత" అన్నాడు.

నిజం చెప్పాలంటే ఆ నాలుగు నెలలూ నేను బాగానే ఉన్నాను. పుంటికూర కోశాను. చిక్కుడు కాయలు కోశాను. వంకాయ తొమ్మిది చెట్లలో ఆరు బతికాయి. తెల్లవారగానే సైకిలు మీద పోయి, ఎండెక్కేదాకా ఉండి వచ్చేవాణ్ణి. నా పందిరి వంకరగా ఉన్నా నిలబడింది. నీ ముక్క బీడు పడలేదు. ఎవరికీ పోదు. మూడో ప్రశ్నకు ఇంతవరకు జవాబు ఇది. ఇక్కడ ఆపితే బాగుండేది.

మీ అన్న ముక్కలో గట్టు పక్కన ఒక ఆనపతీగ ఉండేది. అది పందిరి పాకి, గట్టు దాటి, నా వైపు కొంత వాలింది. ఆగస్టు, సెప్టెంబరుల్లో దానికి కాసిన కాయలన్నీ కోసి, ఆయన అడిగినవాళ్ళకు, అడగనివాళ్ళకు పంచాడు. నాకు తప్ప. హలీమాబీకి రెండు ఇచ్చాడు. నవంబరు వచ్చేసరికి తీగ ఎండిపోయింది. ఆకులు రాలిపోయాయి. ఒక్క కాయ మాత్రం మిగిలింది, గున్న ఏనుగు కాలంత ఉంది. దాని తొడిమకు ఎర్ర పేలిక కట్టి ఉంది. దిష్టి తగలకుండా కట్టాడనుకున్నాను. ఇంత పెద్ద మనిషికి ఈ మూఢనమ్మకాలేమిటని నాలో నేను నవ్వుకున్నాను. ఆ కాయ వేలాడుతున్నది గట్టుకు ఇవతల, నా వైపు.

నీ ఉత్తరం వచ్చిన తర్వాతి బుధవారం పొద్దున బావి దగ్గర పదిమంది ఉన్నాం. నేను చేద పైకి లాగుతుంటే గిలక దగ్గర తాడు జారి, చేద మళ్ళీ లోపలికి పడిపోయింది. మీ అన్న నాతో అనలేదు. పక్కనున్నవాళ్ళతో అన్నాడు.

"మన పద్నాలుగు నంబరాయన పుస్తకాల బావిల నీళ్ళు తోడుతాండు. గందుకే చేద ఉత్తగొస్తాంది."

అందరూ నవ్వారు. హలీమాబీ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. దాంట్లో నవ్వడానికి లేనిదేమీ లేదని ఇప్పుడు ఒప్పుకుంటాను. కానీ పుస్తకాల మాట ఆ నోటినుంచి రావడం నేను భరించలేకపోయాను. పుస్తకాలను మిర్చి బస్తాల కింద తొక్కించినవాడు పుస్తకాల మీద హాస్యమాడుతున్నాడు.

మధ్యాహ్నం అందరూ అన్నానికి పోయారు. నేను పోలేదు. కొడవలి తీసుకుని ఆ కాయను తొడిమ దగ్గర కోసి, సంచిలో వేసుకుని, సైకిలుకు తగిలించుకుని ఇంటికి వచ్చాను. దారి పొడుగునా నాకు నేను న్యాయశాస్త్రం చెప్పుకున్నాను. ఒకరి చెట్టు ఇంకొకరి సరిహద్దులోకి వాలితే ఎవరికి హక్కు అని ఎక్కడో చదివాను. హక్కు నాదేనని తీర్పు ఇచ్చుకున్నాను.

ఇంటికొచ్చి కోయబోతే కత్తి దిగలేదు. కట్టెలాగా ఉంది. రోకలితో కొట్టాను. పగిలింది. లోపల గుజ్జు లేదు, ఎండిన దూది లాంటిది, దాన్నిండా విత్తనాలు. ముదిరి పాడైపోయిన కాయను తగిలించుకుని మురిసిపోతున్నాడన్నమాట అనుకుని, చిప్పలన్నీ ఎత్తి సందు చివర చెత్తకుండీలో వేసి వచ్చాను. ఆ సాయంత్రం హాయిగా చదువుకున్నాను కూడా.

ఈ పాటికి నీకు అర్థమై ఉంటుంది. నీకు అర్థం కావడానికి అసలు ఇంత రాయనక్కరలేదు. పేలిక అన్న మాట దగ్గరే నువ్వు ఉత్తరం దించి ఉంటావు.

నాకు తెలియలేదు కమలా. మరునాడు పొద్దున పోయేసరికి మీ అన్న ఆ పందిరి కింద నేల మీద కూర్చుని ఉన్నాడు. ధోవతికి మట్టి అంటుతుందని గట్టు మీద కూడా కూర్చోని మనిషి. తెగిన తొడిమను పట్టుకుని చూస్తున్నాడు. నేను హలీమాబీని అడిగాను, ఒక్క ముదిరిపోయిన కాయకు ఇంత గోల ఏమిటని.

"ముదిరిపోయిందా? అది ఇత్తనపు కాయ భాయ్‌సాబ్. ఎర్ర పేలిక కట్టినమంటే ఎవ్వలు చెయ్యి వెట్టరు. దొంగలు గూడ వెట్టరు. తీగ ఎండి, కాయ ఎండి, ఊపితే లోపల గలగల అనాలె. అప్పుడు కోసి ఇత్తులు తీసి బూడిదల దాస్తం. మా తాన గట్లనే, మీ తాన గట్లనే. మీకు ఎర్కలేదా?"

తెలియదన్నాను. అబద్ధం కాదు.

"అది సారంగపాణి భాయ్ వాళ్ళమ్మ ఇత్తనమంట. యాభై ఏండ్ల సంది వస్తాందంట. ఈ మిరుగంల డబ్బాల ఉన్నయన్ని పెట్టిండు. ఎలుకలు కొట్టంగ మూడు మొలిచినయంట, ఒక్కటి బతికింది. ఈ ఒక్క కాయ మీదనే పానం వెట్టుకున్నడు."

మీ అమ్మ చిలుకమ్మ గారి విత్తనం. మన పెళ్ళయిన కొత్తలో ఆవిడ ప్రతి శ్రావణంలో పంపే ఆ కాయ, పాలు పోసి నువ్వు వండే కూర, ఎన్నిసార్లు తిన్నానో. ఆ తీగ మీ అన్న మిద్దె మీదికి ఎట్లా వచ్చిందో, ప్రతి ఏడూ ఎట్లా మిగిలిందో నేనెప్పుడూ అడగలేదు.

అప్పుడైనా నోరు విప్పవలసింది. విప్పలేదు. ఇంతలో మీ అన్న లేచి మొగిలిని పిలిచాడు.

"నువ్వు కాపలా ఉన్నది దేనికి?"

"మద్యాన్నం నేను బువ్వకు పోయిన బాపూ."

"నువ్వు బువ్వకు పోతే దొంగ ఎగిరచ్చిండా? నువ్వన్న తీసుండాలె, తీసినోన్ని చూసన్న ఉండాలె. రెండిట్ల ఏది?"

మొగిలి తల వంచుకుని నిలబడ్డాడు. ఐతారం మీటింగులో చెప్తానని, సోమవారం నుంచి కొట్టం ఖాళీ చేయాలని మీ అన్న అన్నాడు. మొగిలి భార్య కొట్టం గుమ్మంలో నిలబడి వింటోంది.

శుక్ర, శని, రెండు రోజులు. రెండు రోజులూ నేను తోటకు పోలేదు. జ్వరమని హలీమాబీకి కబురు చేశాను. పుస్తకం తెరిస్తే ఒక పేజీ దాటలేకపోయాను. న్యాయం గురించి, నిర్దోషుల గురించి నేను చదివి కింద గీతలు గీసుకున్న పుస్తకాలు గూట్లో పది ఉంటాయి. వాటి వైపు చూడలేదు. ఊరుకుంటే ఎవరికీ తెలియదు, మొగిలికి ఇంకెక్కడైనా పని దొరుకుతుంది అని ఒక రోజు అనుకున్నాను. చెబితే నువ్వు ఇక రావని ఇంకో రోజు అనుకున్నాను. మీ అన్నతో మాట్లాడితే బండెక్కుతానన్నావు. మాట్లాడితే ఈ మాట మాట్లాడాలి. ఈ మాట మాట్లాడితే నువ్వెందుకు ఎక్కుతావు. ఎటు తిప్పినా ఇదే వచ్చేది.

ఆదివారం పొద్దున బావి అరుగు మీద మీటింగు. ముప్పైమంది దాకా వచ్చారు. మీ అన్న కాగితం తీసి మొగిలి పేరు చదవబోయాడు. నేను లేచాను.

"బావా, ఆ కాయ కోసింది నేను."

పదకొండేళ్ళ తర్వాత నేను మీ అన్నతో మాట్లాడిన మొదటి మాట అది. నీ నాలుగో ప్రశ్నకు జవాబు అది.

మీ అన్న కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"కాయ ఏది?"

"చెత్తకుండీల వేసిన."

"ఎప్పుడు?"

"బుధారమే."

"ఇత్తులు?"

"దాంతోనే పోయినయ్."

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మీటింగు అయిపోయింది, పోన్రి" అన్నాడు. తర్వాత నన్ను చూసి, "దొంగ అన్నది మొగిలిని. ముందు ఆయన దగ్గరికి పో" అన్నాడు.

పోయాను. కొట్టం ముందు మొగిలి పార కడుక్కుంటున్నాడు. ఏమని మొదలుపెట్టాలో తెలియక, క్షమించమని పుస్తకాల భాషలోనే అన్నాను. ఆయన పార పక్కన పెట్టాడు.

"మీరు కోసిన్రని నాకెర్కనే సారూ. జూసిన."

"చూసినవా? మరి చెప్పలేదేం?"

"సదువుకున్నోల్లు. మీరే చెప్తరనుకున్న. ఐతారం దాంక జూద్దామనుకున్న."

"చెప్పకపోతే?"

ఆయన తడి చేతులు తుడుచుకున్నాడు. "చెప్పకపోతే పోతుంటిమి. మల్లెక్కడ్నన్న ఉంటుంటిమి. మీరిద్దరు బావబామ్మర్దులు. నేను చెప్తే మీ ఇంట్ల ఆడమనిషి మొకం ఎట్ల జూస్తది సారూ."

కమలా, ఆ మనిషి నిన్ను ఒక్కసారి కూడా చూడలేదు.

అక్కడి నుంచి మీ అన్న, నేను సైకిళ్ళు తోసుకుంటూ మట్టెవాడ దాకా నడిచి వచ్చాం. చెత్తకుండీ చూద్దామని. ఉపయోగం లేదని ఇద్దరికీ తెలుసు. మున్సిపాలిటీ బండి శుక్రవారమే ఎత్తుకుపోయింది. అయినా ఇద్దరు ముసలాళ్ళం ఆ కుండీలోకి వంగి చూస్తుంటే సందులో జనం ఆగి చూశారు. రోడ్డు మీదే ఆయన అడిగాడు.

"ఎందుకు కోసినవ్?"

"నా దిక్కు వేలాడింది."

"గదేనా?"

"పఠన మందిరం."

ఆయన సైకిలు ఆపి అన్నాడు. "నేను మిర్చోళ్ళకు ఇచ్చిన, కాదన. కప్పు కూలేటట్టుందని మూడుమార్లు నీకు మనిషిని తోలిన. సెక్రెటరీవి నువ్వు. నీ సంతకం లేంది రిపేరు కాదు. ఎందుకు రాలే?"

నేనెందుకు పోలేదో ఆయనకు తెలుసు. నాకు తెలుసు. నీకే తెలియదు. గోడకు పెట్టే పాలరాతి పలక మీద అధ్యక్షుడి పేరు పైన, నా పేరు కింద చెక్కించారు. పుస్తకాలు తెచ్చింది నేనైతే పేరు కిందా అని నేను మొండికేశాను. మూడు నెలలు ఆ గడప తొక్కలేదు. ఆ వానాకాలం కప్పులో సగం కూలింది. పుస్తకాల్లో మూడొంతులు అప్పుడే తడిసి, చెదలు పట్టి పోయాయి. గోనె సంచుల్లోకి ఎక్కినవి మిగిలినవే. పల్లీల పొట్లాల కథ చెప్పేటప్పుడు నేను ఈ ముక్క వదిలేస్తాను. నీతో కూడా వదిలేశాను. కింద దిద్దవలసి ఉందన్నది ఇదే.

మీ అన్న తప్పు ఏమీ లేదని నేను అనను. మిగిలిన పుస్తకాలైనా నన్ను అడగకుండా అమ్మకూడదు. ఆ మాట ఆయనతో అన్నాను. "అడిగితే నువ్వు పలుకుతుంటివా?" అన్నాడు. పలికేవాణ్ణి కాదు.

మన ఇంటి ముందు ఆగాడు. లోపలికి రమ్మన్నాను, రాలేదు. "చెల్లెకు నువ్వే రాయి. నేను రాస్తే ఒకటే ముక్క రాస్త, నీకు మంచిగుండది" అని వెళ్ళిపోయాడు.

అప్పటి నుంచి రోజూ తోటలో కలుస్తున్నాం. మొగిలి మధ్యవర్తిత్వం లేకుండానే మాట్లాడుకుంటున్నాం. ఆయన తిడుతున్నాడు, నేను వింటున్నాను. వంకాయకు పురుగు పడితే తిడతాడు, గట్టు తెగితే తిడతాడు, చివరకు ఏదైనా ఆ కాయ దగ్గరికే తీసుకువస్తాడు. నిన్న "చెల్లెకు రాసినవా?" అని అడిగాడు. ఇంకా లేదన్నాను. "ఇంక ఎన్నొద్దులు దాస్తవ్?" అన్నాడు. మీ ఊరి చుట్టాలెవరి దగ్గరైనా ఆ విత్తనం ఉందేమోనని ఆయన కబుర్లు పంపాడు. ఎవరి దగ్గరా లేదని జవాబు వచ్చింది. ఎక్కడో ఒకచోట ఉంటుందని నీకు ఆశ పెట్టడం నాకు ఇష్టం లేదు. నాకు తెలిసినంతవరకు అది అయిపోయింది. నేనే అయిపోగొట్టాను.

నీ ఉత్తరంలో నువ్వు పెట్టిన షరతు ఇద్దరం మాట్లాడుకోవాలన్నది. మాట్లాడుకున్నాం. మామూలుగా అయితే ఆ కాగితం ముందు పెట్టుకుని, షరతు నెరవేరింది కాబట్టి రావలసిందేనని నీతో వాదించేవాణ్ణి. ముప్పై ఎనిమిదేళ్ళు నీతో అట్లాగే వాదించాను, చాలాసార్లు గెలిచాను. ఈసారి వాదించను. ఇదంతా చదివాక రావాలనిపించకపోతే రావద్దు. అరుణ దగ్గరే ఉండు. నీ ముక్కకు నీళ్ళు నేను పెడుతూనే ఉంటాను.

కానీ నువ్వు రావాలని నాకు ఉంది. ఈ మాట ఇంతకుముందు నీకు ఎప్పుడూ చెప్పలేదు, రాయలేదు. అడుగుతున్నాను, రా.

ఇట్లు,
నీ పెనిమిటి,
రాయమల్లు.